సూమెగ్: పేరు తిరిగొచ్చిన తీరం

సెలవు రోజున పార్కుకు వెళ్లేవాళ్లు మూడింటి కోసం వెళ్తారు. కాసేపు హాయిగా తిరగడానికి, జంతువుల్నీ పక్షుల్నీ చూడటానికి, ఆ చోటికి చరిత్ర ఉంటే తెలుసుకోవడానికి. మొదటి రెండూ కళ్ల ముందే ఉంటాయి. మూడోది మాత్రం గేటు దగ్గర బోర్డు ఎవరు రాశారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఆదివాసులం కాబట్టి ఈ సంగతి మనకు కొత్త కాదు. మన కొండలూ వాగులూ అభయారణ్యాలయ్యాయి, పర్యాటక కేంద్రాలయ్యాయి. వాటి బోర్డుల మీద చెట్ల పేర్లుంటాయి, జంతువుల పేర్లుంటాయి. అక్కడ తరతరాలుగా బతికిన మనుషులు పెట్టుకున్న పేర్లు చాలాచోట్ల కనిపించవు.

అందుకే ఈ వ్యాసంలో ఒక దూరదేశపు పార్కు గురించి చెప్పుకుందాం. అది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఉత్తరపు కొసన, పసిఫిక్ సముద్రం ఒడ్డున ఉంది. పేరు సూమెగ్ స్టేట్ పార్క్. 2021 సెప్టెంబరు 30 వరకు ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు ప్యాట్రిక్స్ పాయింట్. యూరోక్ అనే ఆదివాసీ జాతి తమ భాషలో ఆ చోటికున్న పాత పేరును తిరిగి తెచ్చుకుంది. ఒక పేరు పోవడం వెనక ఏం జరిగింది, అది తిరిగి రావడానికి ఏం చేయాల్సి వచ్చింది అన్నది మన యువత, మన ఉపాధ్యాయులు తెలుసుకోవలసిన చరిత్ర.

తీరం, అడవి, జీవాలు

అమెరికాలో నేషనల్ పార్కులను కేంద్ర ప్రభుత్వం చూస్తుంది. స్టేట్ పార్కులను ఆయా రాష్ట్రాలు చూసుకుంటాయి. సూమెగ్ రెండో రకం. హంబోల్ట్ కౌంటీలో, ట్రినిడాడ్ అనే చిన్న ఊరికి ఉత్తరాన, దాదాపు 640 ఎకరాల్లో ఉంటుంది. అంత పెద్దదేమీ కాదు. అయితే ఆ కొద్ది చోటులోనే దట్టమైన అడవి, పచ్చిక మైదానం, నిట్టనిలువు కొండ అంచు, దాని కింద సముద్రం అన్నీ ఉన్నాయి. సిట్కా స్ప్రూస్ అనే సూదాకుల చెట్లు ఎత్తుగా పెరుగుతాయి. వేసవిలో కూడా సముద్రం మీది పొగమంచు ఆ చెట్ల మధ్యకు వచ్చి నిలుస్తుంది.

కొండ అంచు వెంట సుమారు రెండు మైళ్ల కాలిబాట ఉంది. ఆ బాట మీద నడిచే మనిషికి కింద రాళ్ల మీద పడుకున్న సీల్ జంతువులు, సముద్ర సింహాలు కనిపిస్తాయి. చలికాలంలోనూ వసంతంలోనూ బూడిద రంగు తిమింగలాలు ఒడ్డుకు దూరంగా నీళ్లు చిమ్ముకుంటూ పోతాయి. అవి ఉత్తర ధ్రువం దగ్గరి చల్లని సముద్రాల నుంచి మెక్సికో తీరపు వెచ్చని నీళ్లకు ఈనడానికి వెళ్తాయి. మళ్లీ పిల్లల్ని వెంటబెట్టుకుని అదే దారిలో వెనక్కి వస్తాయి. రానూపోనూ పదహారు వేల కిలోమీటర్లకు తక్కువ ఉండదు ఆ ప్రయాణం.

సముద్రం పాటు వేళ వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల సందుల్లో నీటి గుంటలు బయటపడతాయి. వాటిలో సముద్ర నక్షత్రాలు, ఆల్చిప్పలు, పువ్వులా విచ్చుకునే మెత్తని జీవులు ఉంటాయి. ఉత్తరాన ఉన్న బీచ్‌లో అలలు నున్నగా అరగదీసిన రంగురాళ్లు దొరుకుతాయి. వాటిని అగేట్ రాళ్లంటారు. పర్యాటకులు గంటల తరబడి వంగి వాటికోసం వెతుకుతుంటారు. అడవి మధ్యలో ఒక పెద్ద బండ నిలబడి ఉంటుంది. ఒకప్పుడు అది సముద్రంలో అలల మధ్య నిలిచిన బండ. నేల పైకి లేచి, నీళ్లు వెనక్కి పోయాక ఇప్పుడు చెట్ల మధ్య ఉండిపోయింది.

ఇంతవరకు చెప్పింది ఏ పర్యాటక కరపత్రంలోనైనా దొరికేదే. ఇక్కడితో ఆపేస్తే ఈ తీరం ఎవరూ లేని ఖాళీ చోటులా కనిపిస్తుంది.

ఈ తీరం ఎవరిది

క్లామత్ అనే పెద్ద నది దిగువ భాగమూ, ఆ నది సముద్రంలో కలిసే చోటికి అటూ ఇటూ ఉన్న తీరమూ యూరోక్ జాతి సొంత నేల. నేడు కాలిఫోర్నియాలో సంఖ్యలో అతిపెద్ద ఆదివాసీ జాతి వాళ్లదే. సభ్యులు ఆరు వేలకు పైగా ఉన్నారు. ‘యూరోక్’ అన్న మాట వాళ్లది కాదు. నది ఎగువన ఉండే కరుక్ అనే మరో జాతి భాషలో ‘దిగువ వైపు’ అని దాని అర్థం. బయటివాళ్లు దాన్నే జాతి పేరుగా రాసేశారు. గోండులూ కోయలూ తమను తాము కోయితూర్ అని చెప్పుకుంటారు, రికార్డుల్లో మాత్రం వేరే పేర్లు ఉంటాయి. కాబట్టి ఈ సంగతి మనకు వెంటనే అర్థమవుతుంది.

యూరోక్ కుటుంబాలు వసంతంలోనూ వేసవిలోనూ సూమెగ్‌కు వచ్చి తాత్కాలిక గుడిసెలు వేసుకునేవి. చేపలు పట్టి, ఆల్చిప్పలు ఏరి, సముద్ర జంతువులను వేటాడి, ఎండబెట్టుకుని తీసుకుపోయేవి. నదిలో సాల్మన్ చేప, అడవిలో ఓక్ చెట్ల కాయలు వాళ్ల ముఖ్యమైన తిండి. ఓక్ కాయలు చేదు. వాటిని పిండి కొట్టి, చేదు పోయేదాకా నీళ్లు పోసి కడిగి, అంబలి కాచుకుంటారు. మామిడి టెంకల్ని నానబెట్టి కడిగి జావ చేసుకునే మన అవ్వలకు ఈ పని చెప్పి నేర్పనక్కర్లేదు.

సూమెగ్ వాళ్లకు తిండి దొరికే చోటు మాత్రమే కాదు. సముద్రంలో ఎగిరి దూకే పోర్పాయిస్ జీవుల ఆత్మ ఇక్కడికి వచ్చి నివాసం ఏర్పరచుకుందని యూరోక్ సంప్రదాయం చెబుతుంది. అంటే పర్యాటకుడు ఫోటో తీసుకునే ఆ కొండ అంచు వాళ్లకు దేవర ఉన్న చోటు. మన కొండకు మన దేవర ఎలాగో, అలాగే.

అడవిని కూడా వాళ్లు ఊరికే వదిలేయలేదు. బుట్టలల్లడానికి హేజెల్ అనే పొద చువ్వలు తిన్నగా, మెత్తగా రావాలి. అందుకోసం ఆ పొదలకు అదనుచూసి నిప్పు పెట్టేవాళ్లు. కాలిన మొదళ్ల నుంచి మంచి చువ్వలు వచ్చేవి. ఆ నిప్పు వల్లే పచ్చిక మైదానాలు చెట్లతో మూసుకుపోకుండా ఉండేవి, జింకలకు మేత దొరికేది. తునికి పొదలు కొట్టిస్తే లేత ఆకు బాగా వస్తుందని తెలిసిన మనకు ఇందులో వింత లేదు. ప్రభుత్వం వచ్చి అడవిలో నిప్పు నేరమంది. చాలా దశాబ్దాల తర్వాత, పెద్ద పెద్ద కార్చిచ్చులు చూశాక, ఆదివాసుల చిన్న నిప్పులో తెలివి ఉందని అదే ప్రభుత్వ శాఖలు ఒప్పుకుంటున్నాయి.

పాత పేరు మీద కొత్త పేరు

1775 జూన్‌లో స్పెయిన్ ఓడలు ఇక్కడికి దగ్గర్లోని రేవుకు వచ్చాయి. అక్కడ చూరై అనే యూరోక్ ఊరు ఉంది. వచ్చినవాళ్లు శిలువ పాతి, అది తమ పండుగ రోజు కాబట్టి ఆ రేవుకు ట్రినిడాడ్ అని పేరు పెట్టుకుని వెళ్లిపోయారు. ఊళ్లో మనుషులు ఉండగానే ఊరికి పేరు మారిపోయింది.

అసలు విపత్తు 1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికాక వచ్చింది. వేలమంది వలసదారులు నదుల వెంట ఎగబాకారు. 1850లో ట్రినిడాడ్ గనుల మనుషులకు సరుకులు దింపే రేవు అయింది. అదే ఏడాది కొత్త రాష్ట్రం ఒక చట్టం చేసింది. పేరుకు అది ఆదివాసుల ‘రక్షణ’ చట్టం. దాని కింద ఆదివాసీ పిల్లల్ని తెల్లవాళ్లు తమ దగ్గర పెట్టుకుని పని చేయించుకోవచ్చు. తిరుగుతూ కనిపించిన ఆదివాసీని పట్టుకుని వేలంలో కూలికి ఇవ్వవచ్చు. 1851, 1852 సంవత్సరాల్లో కేంద్ర ప్రభుత్వ ప్రతినిధులు కాలిఫోర్నియా జాతులతో 18 ఒప్పందాలు రాసుకుని, భూములు ఇస్తామన్నారు. అమెరికా సెనేట్ వాటిని తిరస్కరించింది. ఆ కాగితాలను 1905 దాకా బయటికే రానీయలేదు. సంతకం చేసిన పెద్దలు తమకు భూమి ఉందనే అనుకున్నారు.

తుపాకీ దళాలు ఊళ్ల మీద పడ్డాయి. 1860 ఫిబ్రవరిలో, సూమెగ్‌కు దక్షిణాన ఉన్న ఒక దీవిలో, లోకం బాగుండాలని చేసే పండుగకు చేరిన వియోట్ జాతి స్త్రీలనూ పిల్లలనూ ముసలివాళ్లనూ రాత్రివేళ చంపారు. చరిత్రకారుల అంచనా ప్రకారం 1846లో కాలిఫోర్నియాలో సుమారు 1,50,000 మంది ఆదివాసులు ఉండేవారు. 1870 నాటికి మిగిలింది సుమారు 30,000. రోగాలు, ఆకలి, నిర్బంధం, హత్య అన్నీ కలిసి పాతికేళ్లలో చేసిన పని ఇది.

ఆ రోజుల్లోనే ప్యాట్రిక్ బీగన్ అనే వలసదారు ఈ కొండ అంచున భూమి తనదని రాయించుకున్నాడు. అనేకమంది ఆదివాసులను హత్య చేశాడన్న ఆరోపణ ఉన్న మనిషి అతడు. అతని పేరుతోనే ఆ చోటు ప్యాట్రిక్స్ పాయింట్ అయింది. తర్వాత ప్రభుత్వం ఆ భూమిని కొని పార్కుగా చేసినప్పుడు అదే పేరు బోర్డు ఎక్కింది. దాదాపు తొంభై ఏళ్లు ఆ పేరే నడిచింది. బడి పిల్లలు విహారానికి వచ్చారు, కుటుంబాలు గుడారాలు వేసుకున్నాయి, ప్రేమికులు బండ మీద పెళ్లి చేసుకున్నారు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ అదే గేటు దాటి లోపలికి వచ్చే యూరోక్ బిడ్డ, తన పూర్వీకుల్ని చంపాడని చెప్పుకునే మనిషి పేరును ప్రతిసారీ చదవాల్సి వచ్చింది.

పేరు ఎలా బతికింది

బోర్డు మీద లేని పేరు మరి ఎక్కడ దాక్కుంది? మొదట, మనుషుల నోళ్లలో. ముసలివాళ్లు ఆ తీరాన్ని ఎప్పుడూ ప్యాట్రిక్ పేరుతో అనుకోలేదు. తర్వాత, కాగితం మీద. 1916లో లూసీ థాంప్సన్ అనే యూరోక్ స్త్రీ తన జాతి గురించి తానే ఒక పుస్తకం రాసి అచ్చు వేయించింది. బయటివాళ్లు తమ గురించి రాసినదాంట్లో నిజం లేదని, ఆ నిజాన్ని తామే చెప్పాలని ఆమె అనుకుంది. 1920లో టి.టి. వాటర్‌మన్ అనే పరిశోధకుడు యూరోక్ నేల మీది స్థలాల పేర్లను వందలాదిగా, పటాలతో సహా అచ్చు వేశాడు. అచ్చులో అతని పేరు ఉంది గాని, ప్రతి బండ పేరూ ప్రతి మలుపు పేరూ చెప్పింది యూరోక్ పెద్దలే.

భాష మాత్రం ప్రమాదంలో పడింది. బోర్డింగు బడుల్లో పిల్లల్ని సొంత భాష మాట్లాడనివ్వలేదు. చిన్ననాటి నుంచి ఆ భాషే మాట్లాడుతూ పెరిగినవాళ్లు ఇరవై ఒకటో శతాబ్దం మొదటికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది అయ్యారు. అప్పుడు జాతి మేల్కొంది. పెద్దల గొంతులు రికార్డు చేసుకున్నారు, యువకులు నేర్చుకుని ఉపాధ్యాయులయ్యారు. ఇప్పుడు ఆ ప్రాంతపు ప్రభుత్వ హైస్కూళ్లలో యూరోక్ భాష పాఠంగా ఉంది.

సొంత చేతులతో కట్టిన ఊరు

పార్కులో చూడవలసిన వాటిలో ముఖ్యమైనది సూమెగ్ గ్రామం. దీన్ని 1990లో కట్టారు. కట్టినవాళ్లంతా యూరోక్ పనివాళ్లే. రెడ్‌వుడ్ చెట్టు పలకలతో వేసిన కుటుంబ ఇళ్లు, మగవాళ్లు నిప్పు వేడికి చెమట పట్టించుకుని శుద్ధి అయ్యే ఇల్లు, ఆటకు ముందు వేషం కట్టుకునే ఇళ్లు, నేలలోకి దిగి ఉండే ఆట స్థలం అక్కడ ఉన్నాయి. ఇంటి గుమ్మం గుండ్రంగా, చిన్నగా ఉంటుంది. ఎంత పెద్దవాడైనా వంగే లోపలికి పోవాలి. రెడ్‌వుడ్ మానును తొలిచి చేసిన పడవ కూడా అక్కడ ఉంది. యూరోక్ పడవకు గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కూడా చెక్కుతారు. చెట్టు చచ్చి పడవ కాలేదని, ప్రాణంతోనే పడవ అయిందని వాళ్ల నమ్మకం.

ఈ ఊరిని గాజు పెట్టెలో బొమ్మలు పెట్టిన మ్యూజియంలా చూడకూడదు. జబ్బు చేసిన బిడ్డ బాగుపడాలని రాత్రుళ్లు చేసే ఆట అక్కడి ఆట స్థలంలో ఇప్పటికీ జరుగుతుంది. పిల్లలకు పాఠాలు అక్కడే చెబుతారు. పార్కు బోర్డు మీద ఇంకా ప్యాట్రిక్ పేరు ఉన్న రోజుల్లోనే, గేటు లోపల ముప్పై ఏళ్లకు పైగా ‘సూమెగ్’ అన్న పేరుతో ఒక ఊరు నిలబడి ఉంది. ఆ పేరును వాడుకలో ఉంచింది ఆ ఊరే.

2020లో అమెరికా అంతటా జాతి వివక్ష మీద పెద్ద చర్చ నడిచింది. ఆ ఏడాది సెప్టెంబరులో కాలిఫోర్నియా ప్రభుత్వం తన పార్కుల్లో ఉన్న అవమానకరమైన పేర్లను తిరిగి పరిశీలిస్తామని ప్రకటించింది. యూరోక్ జాతి తన విన్నపాన్ని ముందు పెట్టింది. మరుసటి ఏడాది పార్కుల కమిషన్ సభ్యులు ఒక్కరూ కాదనకుండా పేరు మార్చారు. ఆ ప్రకటన కింద పేరు మారిన మొదటి స్టేట్ పార్కు ఇదే. అదను వచ్చినప్పుడు పేరు సిద్ధంగా ఉంది, ఆధారం సిద్ధంగా ఉంది, ఆ పేరు పలికే మనుషులు సిద్ధంగా ఉన్నారు.

పేరు వస్తే చాలా?

చాలదు. ఆ 640 ఎకరాలు ఇప్పటికీ రాష్ట్ర ప్రభుత్వానివే. యూరోక్ నాయకులకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే వాళ్ల పని పేరు దగ్గర ఆగలేదు. వంద ఏళ్లకు పైగా ఆ ఆకాశంలో కనిపించని కాండర్ అనే పెద్ద రాబందును తిరిగి తేవాలని 2003లో జాతి పెద్దలు నిర్ణయించారు. 2022 మేలో మొదటి పక్షుల్ని అడవిలోకి వదిలారు. క్లామత్ నది మీద సాల్మన్ చేపకు అడ్డంగా ఉన్న నాలుగు ఆనకట్టల్ని తీసేయాలని ఇరుగుపొరుగు జాతులతో కలిసి దశాబ్దాలు పోరాడారు. 2024లో చివరిది కూడా పోయింది. అదే ఏడాది మార్చిలో, సూమెగ్‌కు ఉత్తరాన ఒకప్పుడు కలప మిల్లు ఉన్న 125 ఎకరాలను జాతికి తిరిగి ఇచ్చే ఒప్పందం కుదిరింది. 2025 నాటికి బ్లూ క్రీక్ అనే ఉపనది చుట్టూ ఉన్న దాదాపు 47 వేల ఎకరాలు వాళ్ల చేతికొచ్చాయి. వియోట్ జాతికి కూడా ఆ హత్యలు జరిగిన దీవిని 2019లో పట్టణ పాలకులు తిరిగి ఇచ్చారు.

వీటన్నిటికీ ఒకే వాదన ఆధారం: ‘ఇక్కడ మేమున్నాం, ఇదిగో దీని పేరు.’ స్థలం పేరు చెప్పగలిగినవాళ్లే ఆ స్థలంలో హక్కు అడగగలరు. చెప్పలేనివాళ్లను బయటివాళ్లని అనడం సులువు.

మన వైపు చూసుకుంటే

పాపికొండల పడవ విహారానికి ఏటా ఎంతోమంది వెళ్తారు. గోదావరి మలుపులు, రెండు వైపులా కొండలు చూసి ముచ్చటపడతారు. పేరంటాలపల్లి దగ్గర దిగి, కొండరెడ్లు వెదురుతో చేసిన పువ్వులు కొనుక్కుంటారు. పడవలో వినిపించే చరిత్రలో కొండరెడ్ల, కోయల మాట ఎంత ఉంటుంది? పోలవరం ముంపులో పోతున్న గూడేలతో పాటు ఎన్ని వాగుల పేర్లు, ఎన్ని గట్ల పేర్లు పోతున్నాయో ఎవరైనా రాసిపెట్టారా? నల్లమలలో చెంచుల పెంటలు ఖాళీ అయినప్పుడు పెంట పేరు ఎవరి నోట మిగులుతుంది?

ఈ పని ప్రభుత్వం చేసిపెడుతుందని ఎదురుచూడనక్కర్లేదు. గుంజాలలో దొరికిన గోండి లిపి ప్రతులు మన పూర్వీకులు రాత పని కూడా చేశారని చూపించాయి. ఉపాధ్యాయులు తమ తరగతి పిల్లలతో ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. ఊరి పెద్దల్లో ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని పొలిమేర అంతా ఒకసారి నడవాలి. ప్రతి వాగుకూ, ప్రతి గుట్టకూ, దేవర చోటుకూ, శ్మశానానికీ, పశువుల మేత బీడుకూ సొంత భాషలో ఉన్న పేరు రాసుకోవాలి. ఆ పేరు ఎందుకు వచ్చిందో, చెప్పింది ఎవరో, ఏ తేదీన చెప్పారో పక్కన రాయాలి. ఒక కాగితం మీద పటం గీయాలి. గోండి, కోయ, కువి, కొలామి, సవర ఏ భాషదైనా సరే, పలికినట్టే రాయాలి.

ఇది చదువు కోసం మాత్రమే కాదు. 2006 అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వది హక్కుకు ఏవి సాక్ష్యమో చెబుతుంది. పెద్దలు చెప్పి రాయించిన మాట, దేవర స్థలాలు, శ్మశానాలు, పాత మేత బీళ్లు అందులో సాక్ష్యాలే. పిల్లల నోటు పుస్తకంలో రాసిన పటం రేపు గ్రామసభ ముందు నిలబడగలదు.

మొదటి నడకకు ఊళ్లో అందరికంటే పెద్ద వయసున్న అవ్వను అడగండి. ఆమె నడవలేకపోతే ఆమె గుమ్మం ముందే కూర్చుని, తూర్పు నుంచి మొదలుపెట్టి ఒక్కో గుట్ట పేరు చెప్పించుకోండి.